సున్నపు సూది

బ్రెమర్‌హాఫెన్‌లో కిటికీ తెరిస్తే
నాలుగు వీధుల అవతల సముద్రం.
అయినా వీబ్కె తన సముద్రాన్ని
సంచిలోని ఉప్పుతో కలుపుకుంటుంది.
వెయ్యికి ముప్పై అయిదు పాళ్లు,
ఒక్క పాలు అటూ ఇటూ కానివ్వదు.

మొదటిది కనబడ్డప్పుడు మురిసిపోయింది కూడా.
పగడపు ముక్క కొంటే కొసరుగా వచ్చింది.
రాతి పగుల్లోంచి గోరంత పువ్వు,
తేనె రంగు గాజు పోగులు.
నైట్ డ్యూటీలో తోటి నర్సుకి
ఫోన్లో ఫోటో చూపించింది.
పేరు కూడా పెట్టింది.
ఆ పేరు ఇప్పుడు ఎవరికీ చెప్పదు.

నెల తిరిగేసరికి ఏడు.
వీధిలో క్రిస్మస్ దీపాలు దించేసరికి
లెక్కపెట్టడం మానేసింది.
అద్దెకొచ్చినవాడు గొంతు పెంచితే
ఇంటాయన గొంతు తగ్గించినట్టు
పగడం ముడుచుకుపోయింది.

పట్టకారుతో పీకింది.
పీకితే పోయేదైతే ఇన్ని మాటలెందుకు?
తెగిన పాదం రవ్వంత రాతికి అంటుకుంటే చాలు,
అక్కడే మళ్లీ నోరు తెరుస్తుంది.
నెత్తురు బొట్టుకొక రాక్షసుడు లేచే కథ
ఆ ఊళ్లో ఎవరూ చెప్పుకోరు.
కథ తెలియకుండానే ఆమె ఆ యుద్ధం చేసింది,
మోచేతుల దాకా రబ్బరు తొడుగులతో.

ఎర్ర గీతల రొయ్యలు మూడు తెచ్చింది.
ఇవి వాటినే తింటాయని
అమ్మినవాడు ఒట్టేసి చెప్పాడు.
అవి చేపల మేత తిన్నాయి,
పగడం నోటి దగ్గర ముద్ద లాక్కుని తిన్నాయి,
పగలంతా పంపు వెనక పడుకున్నాయి.

చివరికి సూది.
ముప్పై ఏళ్లుగా ముసలి చేతుల్లో
దొరకని నరాన్ని వెతికిన వేళ్లు
ఆకూ వక్కా లేని సున్నాన్ని చిక్కగా కలిపాయి.
పంపు ఆపింది. నీరు కదలడం మానేసింది.
నీడ పడితే చాలు, అది బొరియలోకి జారిపోతుంది.
అందుకని నీడ పడని వైపు నుంచి,
రోగి నిద్ర చెదరనివ్వని నిదానంతో,
దాని నోట్లోకి ఒక్క తెల్లటి చుక్క.
మూసుకుంది. మింగింది.
అలవాటు కొద్దీ ఆమె పెదవులు కదిలాయి:
"ఇక్కడ కొంచెం చురుక్కుమంటుంది."

ఆ మాట అన్నాక చాలాసేపు
చెయ్యి నీళ్లలోనే ఉండిపోయింది.

పెద్ద రాయినైతే బాల్కనీలో ఎండబెట్టింది.
ఆ ఊరి ఎండను నమ్మి ఎవరైనా వడియాలు పెడతారా?
మధ్యాహ్నానికి వాన. అదీ మంచిదే,
వాటికి మంచినీళ్లే విషం.
సీగల్ ఒకటి రెయిలింగ్ మీద వాలి
రాయిని ఓ కంట చూసి,
ఇది తన సముద్రం కాదని తేల్చుకుని వెళ్లింది.
కింది అంతస్తు ఓన్నో మెట్ల మీద ఆపి అడిగాడు,
ఆల్చిప్పలు వండుతూ నన్ను పిలవవేం అని.

ఈ వారం రాళ్లన్నీ బోడిగా ఉన్నాయి.
పగడం ఒక వేలు బయట పెట్టింది,
నిన్న ఇంకొకటి.
దీపం ఆర్పబోతుంటే వడపోత గొట్టం వెనక
ఆవగింజంత ఏదో ఊగింది.
బుడగ అయ్యుండొచ్చు.
బస్సుకి ఆరు నిమిషాలే ఉంది.
కోటు తొడుక్కుని,
సున్నం డబ్బా మూత మరోసారి బిగించి,
అలమరలో ముందు వరసలో పెట్టింది.