కుడిపక్క పెట్టె

కిలో నలభైరెండు రూపాయల లెక్కన
పాతినుప సామాన్ల అంగట్లో తూకమేయించి
ట్రాలీ ఆటోలో పడేసుకొని తెచ్చినాను.
నూటా ముప్పైఎనిమిది కిలోలు.
దాన్ని బండి అని ఎవరూ అనలేదు ఆ పొద్దు,
నేను కూడా.

ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డులో నబీరసూల్ షెడ్డు.
బీడీ ఆర్పకుండానే చుట్టూ తిరిగినాడు.
ట్యాంకును గోరుతో గీకితే
పచ్చరంగు కింద ఎరుపు, ఎరుపు కింద నలుపు,
ఆ కింద తుప్పు,
తుప్పు కింద ఏమీ లేక
వేలు లోపలికి పోయింది.

"యెజ్డీనే అన్నా. కానీ ముందర చక్రం యాడిదో,
షాకులు యాడివో.
వెల్డింగు తెలిసినోడెవడో
తన ఒంటికి తానే కుట్టుకున్న చొక్కా ఇది."

దీంట్లో కిక్కు కొట్టే కడ్డీనే గేరు కడ్డీ.
కొట్టిన చేత్తోనే బువ్వ కలిపి పెట్టే
మా మేనత్త గుర్తొచ్చింది.
అప్పుడే నేను చెడిపోయినాను.

క్యాలెండరు కాగితం వెనక లెక్క రాసినాడు.
క్రాంకుకు ఎనిమిది వేలు, బోరుకు మూడు,
వైరింగు ఎలుకలు తిన్నాయి.
"ఇంగ చాసీ."
రెండు చక్రాలకూ దారం పట్టి చూపించినాడు:
వెనకది వేలెడు ఎడమకు పోయింది.
"కోసి అతకాల. పద్నాలుగు వేలు.
ఆ దుడ్డుకు పాత స్ప్లెండర్ వస్తాది,
పెట్రోలు వాసన చూపిస్తే చాలు పరిగెత్తుతాది."

గిట్టుతుందా నబీ, అన్నాను.
గిట్టడమంటే మనకు లాభమూ ఉంది, చావూ ఉంది.
"రెండిట్లో ఏదైనా నేను చెప్పలేనన్నా," అన్నాడు.

ఇంట్లో చౌడేశ్వరి:
"మగ్గం మోటారు మూడు నెల్లుగా మూలుగుతాంది.
దానికి లేని దుడ్డు దీనికి యాడ్నుంచి వచ్చె?"
జవాబు లేదు.
రెగ్జిన్ పట్ట కింద ఇరవైరోజులు పడుంది ఇనుము.

టీ తాగనీకి వచ్చిన అర్జునప్ప
షెడ్డు ముందర నిలబడిపోయినాడు,
సినిమాహాల్లో ముప్పైఏండ్లు ఆపరేటరు.
కుడిపక్క మిగిలిన రెండు కొక్కేలను తడిమి
"ఈడ పెట్టె ఉండాల్నే," అన్నాడు.

ఒకే ప్రింటు, రెండు ఊర్లు.
ఈడ ఇంటర్వెల్ పడేలోపల
సగం సినిమా జమ్మలమడుగులో దిగాల.
మోసినోడు రీళ్ల పీరన్న.
ఒకసారి వంక పారి బండి ఆగిపోతే
హీరోయిన్ బావిలో దూకిన కాడ్నే
ఊరు ఊరంతా గంటన్నర కూర్చుందంట,
ఆ యమ్మ బతికిందో లేదో తెలీక.

"వంకరంటే పీరన్న ఏడుస్తాడు రా.
కుడిపక్క ఇరవై కిలోల రీళ్లు ఏలాడినా
బండి సూటిగా పోవాలని
వేలు పెట్టి కొలిచి ఎడమకు అతికించుకున్నాడు."

నబీరసూల్ బీడీ ఆర్పేసినాడు.
కాగితంలో పద్నాలుగు వేల మీద
అడ్డంగా గీత కొట్టినాడు.

మోటారు ముందు, బండి తర్వాత అని
చౌడేశ్వరితో ఒప్పందం.
రెండు చీటీలు పాడుకున్నా,
ఒక పండగకు కొత్తబట్టలు మానుకున్నా.
ట్యాంకు బొక్కకు మాట్లు పడినాయి,
రంగు మాత్రం ముట్టుకోనీయలేదు.

పదిహేడో కిక్కుకు
రెండు సైలెన్సర్లూ ఒకేసారి దగ్గినాయి.
షెడ్డంతా పొగ. ఎవరూ చప్పట్లు కొట్టలేదు,
అందరం కండ్లు నలుపుకుంటా ఉన్నాం.
రోడ్డు మీదికి తీస్తే
నేరుగా పోయి శెనక్కాయల బండిని గుద్దబోయింది.

రేకుపెట్టె చేయించి కొక్కేలకు తగిలించినాను.
రీళ్లు యాడివి ఇప్పుడు?
ఇరవై లీటర్ల నీళ్ల క్యాను పెట్టి
జమ్మలమడుగు రోడ్డెక్కినాను.
హ్యాండిల్ మీద రెండు వేళ్లు చాలినాయి.

మొత్తం ముప్పైఒక్క వేయి నాలుగువందలు.
నిన్న ఎవరో ఇరవైకి అడిగినారు.

రోజూ పొద్దున నీళ్లకు పోతాను.
పోయేటప్పుడు క్యాను ఖాళీ,
ఎడమకు లాగుతుంది, నేను కుడికి ఒరుగుతాను.
వచ్చేటప్పుడు ఆ పని లేదు.
గిట్టిందా అని చౌడేశ్వరి ఇప్పుడు అడగదు.
క్యాను దించుకుంటా, మూత తడిమి,
"తొణికినాయి చూడు," అంటాది.