సగం కొండ

బాలాతోన్ సరస్సు వైపు నుంచి చూసేవాళ్ళు పొరబడతారు.
అటునుంచి మా కొండ నిండుగానే కనిపిస్తుంది,
కింద ద్రాక్షతోటలు, పైన ఓక్ చెట్లు,
ఎవరో కుదురుగా పోసిన గోధుమరాశిలా.

ఉత్తరం వైపు రండి.
సగం లేదు.
కోసుకుపోయినవాళ్ళలో మా నాన్న రెజో ఒకడు.

"ఇది కొండ కాదే పిల్లా," అన్నాడోసారి.
"కొండ ఎప్పుడో పోయింది.
లక్షల ఏళ్ళ వానకి బూడిదా ఇసుకా కొట్టుకుపోగా
మిగిలింది దీని గొంతు.
పైకి వస్తూ వస్తూ
గొంతులోనే గడ్డకట్టిన లావా."
ఆయన అంత పొడుగు మాట మాట్లాడింది
నాకు గుర్తున్నంతలో ఆ ఒక్కసారే.

చల్లారేటప్పుడు రాయి ముడుచుకుంటుంది,
ముడుచుకుని పగులుతుంది.
ఎండిన బురద నెర్రెలిచ్చినట్టే,
కాకపోతే లోతుకంటా, నిలువునా,
ఆరు పలకల కంబాలుగా.
అక్కడక్కడా అయిదు, ఒకచోట ఏడు.
నిప్పుకి లెక్కలు అంత బాగా రావు.

నాన్న పని ఆరుని నాలుగు చేయడం.
సుత్తీ ఉలీ, రోజుకి ఇన్నని,
బుడాపెస్ట్ వీధుల్లో పరిచే రాళ్ళు.
కళ్ళద్దాలు ఇచ్చేవారు కాదు.
ఎడమ కంట్లో పడిన నల్ల నలుసు
ఆయనతోపాటే మట్టిలోకి వెళ్ళింది.

యాభై ఆరు అక్టోబరులో
ఆ రాళ్ళనే పెకలించి వీధికి అడ్డంగా గోడలు కట్టారు.
ఓదన్ బాబాయి ట్రామ్ డిపోలో మెకానిక్కు.
ఏ గోడ వెనకో, ఏ పూటో,
అంతవరకే తెలుసు మాకు.
ఉత్తరం అందిన మర్నాడు
నాన్న ఎప్పటిలాగే క్వారీకి వెళ్ళాడు.
ఊడిన వీధిని మళ్ళీ పరచాలి కదా,
ఆ నెల కోటా రెట్టింపు.

ఇప్పుడు క్వారీ లేదు.
కంబాల సందుల్లో బల్లులు ఎండకాగుతుంటాయి.
బడిపిల్లలు బస్సు దిగి, తలలెత్తి,
"మళ్ళీ పేలుతుందా?" అని అడుగుతారు.
ఆరిపోయింది, అని చెబుతాను.
కొందరి మొహాలు చిన్నబోతాయి.

నాన్న చెక్కకుండా ఇంటికి తెచ్చిన రాయి ఒకటే ఒకటి,
అమ్మ క్యాబేజీ ఊరబెట్టే జాడీలోకి బరువుగా.
ఆరు పలకలూ అలాగే ఉన్నాయి.
ఏటా ఆకు రాలే రోజుల్లో
దాన్ని వేడినీళ్ళతో కడిగి
ఉప్పేసిన ముక్కల మీద ఒత్తి పెడతాను.

మూడో నాటికి
రాయి చుట్టూ
బుడగలు లేస్తాయి.