ఆలిచిప్ప

అబర్డీన్ రేవులో మా ఓడ మూడు రోజులు ఆగింది.
అదీ స్కాట్లండే, కాసులమ్మా.
ఒక మధ్యాహ్నం, ముక్కు కొస మొద్దుబారే చలిలో
రేకుల కొట్టు ముందు నిలబడి
ఆలిచిప్పలు తిన్నాను.
పచ్చివే. పులుసు లేదు, పోపు లేదు.
కొట్టువాడు పొట్టి కత్తితో మూత విప్పి
నిమ్మచెక్క పిండి అరచేతిలో పెట్టాడు.
నమలాలో మింగాలో తేల్చుకునేలోపే
గొంతులోంచి ఒక కెరటం దిగిపోయింది.

ఇదంతా ఫిషింగ్ హార్బర్లో, తెల్లారగట్ల అయిదింటికి,
ఐసు దంచే మోతకి పైన గొంతెత్తి చెబుతున్నాను.
ఆవిడ కానాగంతల మీద నీళ్ళు చిలకరిస్తూ వింటోంది.

పొగబెట్టిన చేపని పాలల్లో ఉడికించిన చారు కూడా
రెండు గిన్నెలు తాగానన్నాను.
"సేపల్లో పాలా! ఓలమ్మ!
బొల్లొచ్చెస్తాది బాబూ"
పక్క గంపావిడకి అప్పుడే చేరేసింది.
చొక్కా చేతులు మడిచి చూపించాను ఇద్దరికీ,
మచ్చల్లేవని.

"ఒక్కో సిప్పా ఎంతేటి?"
పౌన్లు రూపాయల్లోకి మార్చి చెప్పాను.
రెండు వందల ఇరవై.
నీళ్ళ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"మాయమ్మ గీకీది" అంది, చాలాసేపటికి.
"ఏట ఆపీసిన రెండు నెల్లూ
జోడుగుళ్ళపాలెం ఎనకాల రాళ్ళ మీద,
నీళ్ళు ఎనక్కి తీసినపుడు, ఇనప సువ్వతోటి.
సీకట్నే ఎల్లీది, గుడ్డ కప్పి తెచ్చీది.
ఎవులైనా సూస్తే
ఈలింట్లో బియ్యం లేవనుకుంటారని.
డొల్లలు పెరట్లో పాతీసీవోళ్ళం."

నేను ఆ డొల్లల్ని బల్ల మీద వరసగా పేర్చి
ఫోటో తీసుకున్నాను.
చూపిద్దామని తీసిన ఫోను
మళ్ళీ జేబులో పెట్టేశాను.

"రుసెలాగుంది అక్కడ?"
"చల్లగా. కొంచెం ఇనుములా.
చివర్న, ఎక్కడో, తీపి."
"ఊఁ. అదే" అంది
నాలుకతో పెదవి తడుపుకుంటూ,
పెరట్లో పాతినదాన్ని
ముప్పయ్యేళ్ళకి తవ్వి చూసుకున్నట్టు.

బోటు ఒకటి డీజిలు పొగ వదులుతూ గట్టుకి తగిలింది.
గంపలన్నీ అటు లేచాయి.
ఆవిడ లేవలేదు. తక్కెడ ఎత్తింది.

నిన్నటిదాకా నూట ఎనభై.
"కానాగంతలు కిలో రెండొందల ఇరవై బాబూ.
నీకది ఒక్క సిప్ప కరీదు.
బేరమాడకు."