గది చూపిస్తూ కల్లిరోయి చెప్పినవి

రేవు గోడకి అంటించిన పడవల వేళలు
పోయినేటివి. నమ్మకు.
తాళ్లు చుట్టే పాండెలిస్‌ని అడుగు.
ముందు ఆకాశం చూస్తాడు,
తర్వాతే నీ మొహం.

బస్సు రోజుకి రెండుసార్లు.
డ్రైవరు మేక ఈనితే ఒక్కసారే.
చిల్లర దగ్గరుంచుకో, పెద్ద నోటిస్తే
మిగతాది నిమ్మకాయల్లో ఇస్తాడు.

కుళాయి నీళ్లు ఉప్పన,
ఒంటికి సరే, కాఫీకి కాదు.
రెండింటి నుంచి ఐదు దాకా ఏ తలుపూ తట్టకు,
పిల్లులతో సహా ఊరంతా నిద్ర.
చర్చిలోకి చెప్పులతో వెళ్లొచ్చు,
భుజాలు మాత్రం కప్పుకో.

ఉత్తరపు గాలి లేచిందా, పడవ రాదు.
ఒక రోజు. ఒక్కోసారి నాలుగు.
విమానం తప్పిందని నా మీద అరవకు,
ఆ రోజులకి అద్దె పుచ్చుకోను.
మా అత్త పెట్టిన పద్ధతి:
డబ్బిచ్చి ఉన్నన్నాళ్లూ బాడుగ మనిషివి,
గాలి ఆపేస్తే చుట్టానివి.

చుట్టానివి గనక
నాతో కూర్చుని చిక్కుడు గింజలు ఒలవాలి,
నా మోకాలి ఆపరేషన్ కథ
మొదటి నుంచీ వినాలి.

తాళంచెవి జెరేనియం కుండీ కింద.
అక్కడ లేకపోతే
తలుపు తీసే ఉందని.