నబగ్

రస్ అల్ ఖైమా దాటినాక తారు రోడ్డు సన్నబడి
గులకరాళ్ళలో కలిసిపోయింది.
మనవడు సయీద్ కొండల మొగదల్లో బండి నిలిపి
ఏసీ ఆపకుండా ఫోన్లోకి తల వంచినాడు.
"మీనా, పెద్దామెను పట్టుకో."

ఆ ఇంట్లో నేను మీనా.
వచ్చిన రోజే పెట్టినారు, నోరు తిరగలేదని.

వాదీ అంటే ఏందో అనుకున్నా.
మా వంక లాంటిదే, నీళ్ళు మానేసిన ఏరు.
ఉమ్మ్ ఖల్ఫాన్ ఇత్తడి రంగు ముసుగు సర్దుకుని
కర్రతో నా చెప్పుల్ని తట్టింది: విడువు.
పదన్నా కాలేదు, రాయి అప్పుడే పెనం.
ఆమె అరికాళ్ళు ఏనాటివో, జంకలేదు.
నేను ఎగిరెగిరి నడిచినా.

రెండు పక్కలా కొండ లేచింది,
మధ్యన ఆకాశం చీర అంచంత.
ఆ గుహ మూల పుట్టినానని చూపించింది.
ఆ గుండ్రాళ్ళ వరసలో వాళ్ళమ్మ ఉందంట.
నా తలకన్నా ఎత్తున గోడ మీద నీటి చార:
ఆ వరదొచ్చిన ఏడు ఆమెకు పాలపళ్ళు ఊడినాయంట.
తర్వాత మాట్లాడబట్టింది.
నాతో కాదు, కొండతో.
మోకాళ్ళ నొప్పి, కోడలు, చక్కెర మాత్రలు,
పిట్టగోడ మీదుగా పొరుగామెకు చెప్పుకున్నట్టు.
నేను నీళ్ళ సీసా పట్టుకుని పక్కకు జరిగినా.

ముళ్ళచెట్టు కింద రాలిన కాయ ఒకటి తుడిచి
నా చేతిలో పెట్టి "నబగ్" అనింది.
కొరికినా.
రేగ్గాయ!
అరిచినానేమో, గొంతు రాళ్ళకు తగిలింది.
సుండుపల్లె గుట్ట కింద మేకలెనక తిరిగిన వగరు,
అదే, కొంచెం తీపెక్కువ.

అప్పుడడిగింది, ఆరేండ్లలో ఎవరూ అడగనిది:
"మీ అమ్మ నిన్నేమని పిలిచేది?"

చెప్పినా.
ముసుగు కొద్దిగా ఎత్తి
నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి
లోయలోకి కేకేసింది:
ఉబులమ్మా!
ఓకారం పోయింది, దీర్ఘం సాగింది.
అయినా లోపల్నుంచి ఎవరో
మ్మా... మ్మా... అంటా తిరిగొచ్చినారు.
"తెలిసిందిలే దానికి," అనింది,
"ఇంక నువ్వు కొత్తమనిషివి కాదు."

గులకరాయొకటి స్కార్ఫు అంచులో ముడేస్తుంటే
కర్రతో వేళ్ళమీద వేసింది.
ఇక్కడిది ఇక్కడే.
పెట్టేసినా, తీసిన గుంతలోనే.

బండెక్కినాం.
"మీనా, అద్దం ఎత్తు, దుమ్ము."
ఎత్తినా.
హైవే వచ్చింది, సిమెంటు లారీలు వచ్చినాయి,
పెద్దామె నా భుజం మీద నిద్రపోయింది.
దవడలో గింజ
ఇంకా ఉమ్మలేదు.