పన్నెండో షరతు

ఎన్నికల కోడ్ వచ్చిన మూడోనాడు
హలసూరు స్టేషన్ నుంచి ఫోను:
"నాయుడుగారూ, తుపాకీ తెచ్చి అప్పజెప్పండి."

మనవడి క్రికెట్ సంచిలో ముప్పాతికే పట్టింది.
జిప్పులోంచి గొట్టం మొన బయటికి.
దానికో చేతిరుమాలు తొడిగి
ఆటోలో ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నాను.
"ఈ వయసులో ఆడతారా సార్?" అన్నాడు డ్రైవరు.
"ఒక్క బంతే ఆడాను" అన్నాను.

స్టేషన్లో శరణప్ప, రాయచూరు కుర్రాడు,
తెలుగు మాట్లాడొచ్చని నన్ను ముందు పిలుస్తాడు.
లైసెన్సు పుస్తకం తిరగేసి వేలు ఆన్చి,
"ఐదు తూటాలు కొన్నట్టుంది. ఇక్కడ నాలుగే ఉన్నాయి."
"ఒకటి పేల్చాను."
"ఎప్పుడు?"
"డెబ్బై జనవరిలో."
పెన్ను ఆగింది. వాళ్ల నాన్నకి అప్పటికి
నిక్కరు కూడా వచ్చుండదు.

అప్పుడు కొండలు సర్కారువే, చీటీ తీసుకుంటే మనవి.
పదిహేను రోజులు, ఏడో నంబరు బ్లాకు,
మగ కణుజు ఒకటి.
వెనకవైపు సన్న అచ్చులో షరతులు. పన్నెండోది:
గాయపడిన జంతువూ లెక్కలోకే వస్తుంది.
కలాసిపాళ్యలో బస్సెక్కి
యళందూరులో దిగి, అక్కణ్ణించి కాళ్లే.
దారి చూపిస్తానన్న సోలిగ ముసలాయన్ని
వద్దన్నాను.
ఒంటరిగా కొడితేనే కొట్టినట్టు అనుకునే వయసు.

రాగిపిండి, బెల్లం, ఉల్లిపాయలు, ఒక గొంగళి.
నిప్పు రాజేస్తే వాసన పోతుందని
మూడు రాత్రులూ నీళ్లలో కలిపిన పిండే తాగాను.
చలికి పళ్లు కొట్టుకునే చప్పుడు
కొండంతా వినిపిస్తుందేమోనని
తువ్వాలు కొరికిపట్టి పడుకున్నాను.
నాలుగోనాటి పొద్దున మంచు కాస్త జరిగింది,
తలుపు ఓరగా తీసినంత.
ఎదుటి వాలులో, గడ్డిలో మెడదాకా మునిగి
అది నావైపే చూస్తోంది.
చెవి ఒకటి చిరిగి ఉంది, పాత గొడవేదో.
ముక్కులోంచి ఆవిరి.

పేల్చాను.

పడలేదు.
నెత్తురు నేల మీద కాదు, గడ్డి పరకల పక్కన,
నా రొమ్ము ఎత్తులో.
చెయ్యి ఆన్చితే ఇంకా వెచ్చగా ఉంది.
మొదట చారెడు, తర్వాత చుక్క, ఆ తర్వాత
ఎర్రాకు కనపడ్డా వంగి తడిమి చూసేదాకా.
వాగు దగ్గర అదీ లేదు.
రెండ్రోజులు వాగుకి ఇటూ అటూ తిరిగాను.
పిలిచాను కూడా. ఏమని పిలిచానో అడక్కండి,
తప్పిపోయిన ఆవుని పిలిచినట్టే.

కొండ దిగి, రేంజి ఆఫీసులో
'కొట్టినవి' అన్న గడిలో
సున్నా రాసి సంతకం పెట్టాను.
"పాపం, అదృష్టం లేదు" అని గుమాస్తా టీ ఇప్పించాడు.
తాగాను.

రెండేళ్లకి చట్టం వచ్చింది.
అందరూ వేట మానారు.
నేనూ వాళ్లతోపాటే మానినట్టు లెక్క.

"ఏం కొట్టారు సార్?" శరణప్ప మళ్లీ అడుగుతున్నాడు.
ఎవరడిగినా నాలిక చివర సిద్ధంగా ఉండే సున్నా
ఇవాళ ఎందుకో దొర్లలేదు.
"కణుజు" అన్నాను. "తగిలింది. దొరకలేదు."
అతను తలూపి రాసుకున్నాడు:
తూటాలు నాలుగు. స్థితి బాగుంది.
దేని స్థితో.
"కొమ్ములున్నాయా ఇంట్లో?"
"మేకుంది."
అర్థం కాలేదతనికి. రసీదు చింపి ఇచ్చాడు.

బయల్దేరే ముందురోజే కొట్టాను ఆ మేకు,
హాల్లో తూర్పు గోడకి, ఆరంగుళాలది,
బరువుకి ఆగాలని.
ఎన్నిసార్లు సున్నం వేయించినా పీకనివ్వలేదు.
ఇప్పుడు దానికి బ్యాంకువాళ్ల క్యాలెండరు.
ఓట్ల తేదీకి
మనవడు సున్నా చుట్టి పెట్టాడు.