జోరీగ

హవల్లీలో రెండు ఫోన్ల దుకాణాల మధ్య
కట్టేటప్పుడు మిగిలిపోయిన సందు మా షాపు.
అబూ మిషారీ తలుపును మోకాలితో తోసుకొచ్చి
పాత అప్పు తీర్చినట్టు బల్ల మీద దింపాడు రేడియోను.
వాళ్ల నాన్న కొన్నదట,
బస్రా ఖర్జూరాన్ని పడవల మీద బొంబాయి చేర్చే రోజుల్లో.
"పలుకుతుంది. కానీ ప్రతి మాట కిందా గుయ్‌మంటుంది."

జర్మనీ సరుకు. అయిదు వాల్వులు, ఒక ఆకుపచ్చ కన్ను.
వెనక అట్ట విప్పితే
జల్లెడ పట్టిన పిండిలా డెబ్బై ఏళ్ల ఇసుక,
ట్రాన్స్‌ఫార్మర్ వెచ్చదనానికి వచ్చి ఎండిపోయిన బల్లి.

వాల్యూమ్ పూర్తిగా తగ్గించాను.
రొద తగ్గలేదు.
అంటే తప్పు ఏరియల్ వైపు లేదు,
కరెంటు వండే పొయ్యి దగ్గరుంది.
"ఓబులేసూ, ఇది వందా, యాభయ్యా?"
పులివెందుల నుంచి వచ్చి ఏడాది కాలేదు,
వాడికి హమ్ అంటే హమ్మే.
యాభై అంటే ఎద్దు గొంతురా, అడుగు నుంచి వస్తుంది.
వంద దాని మీద ఒక మెట్టు, కాస్త గరగర.
వందైతే ఫిల్టర్ కెపాసిటర్లు చూడు.
ముట్టుకునే ముందు రెసిస్టర్ ఆనించి ఖాళీ చెయ్యి,
ప్లగ్గు పీకినా అది వదలదు,
పడిన మాట మరిచిపోని మనిషిలా.

పాత రేకు డబ్బాల్లోనే కొత్తవి దాచి వేశాను,
పైకి వయసు చెడకుండా.
సగానికి పైగా పోయింది.

మిగిలింది ఎద్దు.
ఎవడో మునుపటి మెకానిక్కు
ఫిలమెంటు తీగల్ని విడివిడిగా పరిచి
గ్రిడ్ తీగ పక్కనే పడుకోబెట్టాడు.
నులక పేనినట్టు పురిపెట్టి మూలకు నొక్కాను.
ఎర్తులన్నీ ఒక్క స్క్రూ కిందికి తెచ్చాను.
నాలుగు చోట్ల కాళ్లు పెడితే
మధ్యలో కరెంటు చక్కర్లు కొడుతుంది,
మనిషి కూడా అంతే అనబోయి ఆగాను,
పిల్లోడికి పని నేర్పాలి గాని సామెతలు కాదు.

ఇంకా ఉంది.
సన్నగా.
వాల్వులు మార్చాను. ఏసీ ఆపాను. ట్యూబులైటు ఆపాను.
పక్క షాపు మలబారీని బతిమాలి ఛార్జర్లన్నీ పీకించాను.
చీకట్లో, చెమటలో
ఆకుపచ్చ కన్నొక్కటే నన్ను చూస్తోంది.
ఉంది. కుడిపక్క.

స్పీకరు కొసల్లో మీటరు పెడితే రెండు మిల్లీవోల్టులు.
దోమకు కూడా వినపడవు.
మీటరు మీద అనుమానమొచ్చింది.

ప్లగ్గు పీకేశాను.
కన్ను మెల్లగా మూసుకుంది.
ఎందుకైనా మంచిదని ముప్పై దాకా లెక్కపెట్టాను.
ఉంది.

"వినపడతాందా ఓబులేసూ?"
"ఏందన్నా?"
"హమ్."
"ప్లగ్గు నీ చేతిలోనే ఉండాది గదన్నా."

వఫ్రా దారిలో, క్యాంపు వెనక జనరేటరు షెడ్డులో
పదకొండేళ్లు రాత్రి డ్యూటీ చేశాను.
చెవుల్లో పెట్టుకోమని దూది ఇచ్చేవాళ్లు.
ఇంజను గొంతు మారితే తెలియాలని తీసేసేవాణ్ణి.
చెడకముందే కనిపెడతాడని ఫోర్‌మన్ మెచ్చుకుని
నెలకు అయిదు దీనార్లు పెంచాడు.

చిన్నప్పుడు ఏదన్నా అడిగి అడిగి ప్రాణం తీస్తే
మా యమ్మ అనేది, చెవిలో జోరీగవిరా నువ్వు అని.
అది ఎగిరి ఎగిరి ఎక్కడ వాలిందో
ఇన్నాళ్లకు తెలిసింది.

మరునాడు అబూ మిషారీ వచ్చాడు.
కువైట్ స్టేషన్‌లో ఎవరో ఊద్ శ్రుతి చేసుకుంటున్నారు.
చెవి దగ్గరగా పెట్టి, కళ్లు మూసుకుని,
"ఖలాస్? పోయిందా?" అన్నాడు.
నేను ఓబులేసు వైపు చూశాను.
వాడు తలూపాడు.
పోయింది, అన్నాను.

రశీదులో రాశాను:
కెపాసిటర్లు రెండు, వైరింగు, ఎర్తు.
గ్యారంటీ ఆరు నెలలు.

ఇక మీదట ఆఖరి పరీక్ష నీదేరా అంటే
ఓబులేసు జీతం మాట ఎత్తాడు.
అయిదు దీనార్లు పెంచాను.